కొసరు వద్దన్న మాస్టారు

మొన్న మా మందుల షాపుకి ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. కొత్త టానిక్కు తెచ్చాడు. సీసా మీద వేలు పెట్టి, "ఇది మామూలు బలం కాదండి, ఇందులో అమైనో ఆమ్లాలు ఉన్నాయి. లైసిన్, మెథియోనిన్..." అని మొదలుపెట్టి, తరవాతది గుర్తు రాక సీసా తిప్పి చూసుకుంటున్నాడు. నేను తల ఎత్తకుండానే, "ట్రిప్టోఫేన్, థ్రియోనిన్, వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, ఫినైల్ అలనిన్, హిస్టిడిన్, ఆర్జినిన్" అని పూర్తి చేశాను, పచారీ చీటీ చదివినట్టు.

"మీరు బియస్సీ చేశారాండీ?" అన్నాడు.

"ఎనిమిదో క్లాసు. అదీ రెండుసార్లు."

బెదిరిన మనిషితో బేరం తేలిక. డజను సీసాలకి రెండు ఉచితం అన్నవాణ్ణి మూడుకి ఒప్పించి పంపించాను. కానీ నెగ్గిన సంతోషం అట్టే సేపు నిలవలేదు. ఆ పేర్లు నాకు నేర్పిన మనిషి వాటినే నమ్ముకుని బతికాడు. ఆయనకి వాటివల్ల ఒక్క సీసా కూడా ఉచితంగా రాలేదు.

ఆయన నందిగామలో ఒక స్కూల్లో సైన్సు మాస్టారు. మేము జగ్గయ్యపేటలో. బజారుకి గ్రాములూ కిలోలూ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వీశెలు, సవాశేర్లు పోతున్నాయంటే మా నాన్న ఇంట్లో మనిషి పోయినట్టు మొహం పెట్టుకుని తిరిగేవాడు. ఒకే వసారాలో ఎడమపక్క ఆయన పచారీ కొట్టు, కుడిపక్క నా మందుల షాపు. మధ్యలో ఒక బల్ల. నా వైపు అద్దాల పెట్టెలో ఒక చిన్న త్రాసు ఉండేది, పొడిమందులు తూచేది. ఆ చుట్టుపక్కల అంత సన్నంగా తూగేది ఇంకోటి లేదని ఎవరు చెప్పారో గానీ, ఒక ఆదివారం పొద్దున మాస్టారు మా మెట్లెక్కారు.

సన్నటి మనిషి. పంచె, పొడుగు చేతుల చొక్కా, అద్దాలు. చేతుల్లో పసిపిల్లని మోస్తున్నట్టు ఒక డబ్బా. డబ్బాలో తడి ఇసక, ఇసకలో నిలబెట్టిన గాజు గొట్టాలు, వాటి మూతులకి దూది. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు డబ్బాని నీడలో పెట్టి, తరవాత అద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని, జేబులోంచి చీటీ తీశారు. బొంబాయి నుంచి తెప్పించాల్సిన సరుకులు పది. ఒక్కొక్కటీ రెండు మూడు గ్రాములు.

"ఎవరికండీ జబ్బు?" అన్నాను.

"జబ్బు కాదయ్యా, భోజనం. మనవాళ్ళకి," అని డబ్బా వైపు చూశారు.

మనవాళ్ళు అంటే పురుగులు. నులిపురుగుల జాతే గానీ, కడుపులో ఉండేవి కావు, మట్టిలో ఉండేవి. వెంట్రుక ముక్కలో ముక్కంత. భూతద్దం పెడితే తెల్లగా, కామా గుర్తుల్లాగా కదులుతూ కనబడతాయి. మట్టిలో ఇవి సూక్ష్మజీవుల్ని తిని బతుకుతాయి. మాస్టారి పట్టు ఏమిటంటే, వాటికి ఇంకో ప్రాణిని పెట్టకూడదు. తామేం పెడుతున్నామో ప్రతి ఒక్కటీ పేరుతో, తూకంతో తెలిసిన భోజనమే పెట్టాలి. దాని మీదే అవి పెరగాలి, పిల్లల్ని కనాలి, ఆ పిల్లలు మళ్ళీ కనాలి.

"అట్లా పెంచితే ఏమొస్తుందండీ?"

"అప్పుడు ఒక్కొక్కటే తీసేసి చూడొచ్చు. లైసిన్ తీసేస్తే చస్తాయా? వాలిన్ తీసేస్తే చస్తాయా? మనిషి ఒంటికి బయటనుంచి ఏ పది కావాలో దీనికీ ఆ పదే కావాలేమోనని అంటున్నారు. గట్టిగా తేల్చినవాళ్ళు లేరు. కంటికి ఆనని పురుగుకీ నీకూ ఒకటే పచారీ చీటీ అంటే నమ్ముతావా?"

నేను నమ్మినా నమ్మకపోయినా సరుకు తెప్పిస్తే నాకు కమీషను. నమ్మాను.

ఆయన అంతకుముందు మద్రాసులో ఒక ప్రొఫెసరు దగ్గర ఆ పనే చేసేవారు. జీతానికి వచ్చే డబ్బు అయిపోయి, పొమ్మన్నారు. ప్రొఫెసరు మంచివాడే. ఆ పురుగుల్లో కొన్ని గొట్టాలు ఇచ్చి, "కాలేయం రసం లేకుండా వీటిని మూడు తరాలు నడిపి చూపించు, నీకు ఇక్కడ చోటుంది" అన్నాడట. చిక్కంతా ఆ రసం దగ్గరే. పది ఆమ్లాలు, చక్కెర, ఉప్పులు, విటమిన్లు, ఎన్ని కలిపి పెట్టినా పురుగులు బతికేవి గానీ కనేవి కావు. కన్నా, పిల్లలు ఎదిగేవి కావు. ఆ నీళ్ళలో పచ్చి కాలేయం రసం రెండు చుక్కలు పడితే చాలు, పిల్లలతో కళకళలాడేవి. కానీ కాలేయంలో ఏముందో ఎవడికి తెలుసు? అది వేస్తే తెలిసిన భోజనం కాదు. అందుకని మాస్టారు అసలు సంతతిని ఒక గొట్టంలో కాలేయం రసం మీద నిలబెట్టుకుంటూ, మిగతా గొట్టాల్లో అది లేని భోజనం కోసం వెతికేవారు. ఆ సంతతి తెగిపోతే మళ్ళీ తెచ్చుకోడానికి లేదు. ఆయన మద్రాసు వెళ్ళే దారి ఆ గొట్టంలో ఉంది.

దాని కోసం ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడి, వేటకాలేయంలో ఒక చిన్న ముక్క మాత్రం కొనేవారు. పప్పు తప్ప ఎరగని మనిషి. నందిగామలో ఇంటివాళ్ళు, "మాస్టారు చాటుగా తింటాడు, చాటుగా తినేవాడు చాటుగా తాగుతాడు" అని లెక్కగట్టి గది ఖాళీ చేయించారు. రెండో ఇల్లూ అంతే. మూడో ఇంటావిడ మాత్రం, "ఏం తింటే మనకేంటయ్యా, అద్దె ఇస్తున్నాడు" అంది.

నెలకో ఆదివారం వచ్చేవారు తూకానికి. బొంబాయి సీసాలు నా దగ్గరే బీరువాలో ఉండేవి. మా త్రాసు మీద పరాయి చెయ్యి పడనివ్వం. అది మా ఇళ్ళల్లో లక్ష్మి. అందుకని నేను తూచేవాణ్ణి, ఆయన ముల్లు వైపు చూస్తూ నిలబడేవారు. ఊపిరి కూడా పక్కకి తిరిగి పీల్చేవారు. మొదటిసారి తూచినప్పుడు ముల్లు మధ్యకి వచ్చి ఆగింది. చిన్నప్పటినుంచీ మా నాన్న నేర్పిన చెయ్యి కదా, ముల్లు నిటారుగా ఆగితే దానికి నచ్చదు. ఇంకాస్త గీకి వేశాను, పళ్ళెం కొనేవాడి వైపు మొగ్గేట్టు.

"అదేంటది?" అన్నారు మాస్టారు.

"కొసరండీ."

"వద్దు. తీసెయ్."

"డబ్బులకి కాదు మాస్టారూ, ఊరికే."

"ఊరికేది అసలు వద్దు. తీసెయ్యవయ్యా."

పచారీ వైపు నుంచి మా నాన్న మెడ సాచి చూశాడు. యాభై ఏళ్ళ వ్యాపారంలో కొసరు చాల్లేదని తిట్టినవాళ్ళని చూశాడు గానీ, వేస్తే తీసెయ్యమన్న మనిషిని చూడలేదు. మాస్టారు వెళ్ళాక, "పాపం, మనిషికి ఏదో జరిగుంటుందిరా," అన్నాడు. గ్రాము అనేది మా నాన్న లెక్కలో తూకం కిందికే రాదు. అదే ఒక కొసరు. దానికోసం నందిగామ నుంచి బస్సెక్కి వచ్చి, ఎండలో నిలబడి, మంచినీళ్ళు కూడా తూకం అయ్యాక గానీ తాగని మనిషిని చూస్తే ఆయనకి జాలి వేసేది.

ఇంకో సంగతి. మాస్టారు బేరం ఆడేవారు కాదు. ధర అడిగేవారు, చెప్తే తల ఊపేవారు. ఆడేవాడికైతే నాలుగు ఎక్కువ చెప్పి రెండు తగ్గించి ఇద్దరం సంతోషంగా విడిపోతాం. ఆడనివాడికి ఎంత చెప్పాలో తెలియక, నాతో నేనే బేరమాడుకుని, ప్రతిసారీ నేనే ఓడిపోయేవాణ్ణి. ఆయన దగ్గర నేను పోగొట్టుకున్న కమీషను సంగతి తెలిస్తే మా కులపెద్దలు నన్ను వెలివేసి ఉండేవాళ్ళు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఎప్పుడడిగినా ఒకటే మాట. "మనవాళ్ళు రెండో తరంలో ఆగిపోయారయ్యా."

ఒక ఆదివారం నేను పెనుగంచిప్రోలు పెళ్ళికి వెళ్ళాను. ఆ రోజు మా నాన్నే అద్దాల పెట్టె ముందు కూర్చుని తూచాడు. తరవాతి నెల మాస్టారు వచ్చి నన్ను నిలబెట్టి అడిగారు.

"ట్రిప్టోఫేన్ పాత సరుకు అంటగట్టావేమయ్యా? పొట్లం విప్పితే కాస్త గోధుమరంగు తిరిగి ఉంది. ఇది పాతబడితే రంగు తిరుగుతుందని నీకు చెప్పానా లేదా?"

"మూత బిగించే ఉందండీ సీసాకి."

"ఇంకేం చేస్తా, ఉన్నదే వాడాను. మళ్ళీ బొంబాయి నుంచి వచ్చేదాకా ఎక్కడ ఆగను?"

ఆ మాట పడి ఊరుకున్నాను. కానీ ఆ తరవాత వచ్చినప్పుడు ఆయన బస్సు దిగి నడిచిన తీరే వేరు. మెట్లు ఎక్కకముందే, "మూడో తరం," అన్నారు. లోపలికి వచ్చి, బల్ల మీద కూర్చున్నారు. అన్నేళ్ళలో అదే మొదటిసారి కూర్చోవడం. భూతద్దం ఇచ్చి చూడమన్నారు. గొట్టం నిండా కామాలు, చిన్నవీ పెద్దవీ. "కాలేయం చుక్క లేదు. ఒట్టి మన పది, ఉప్పులు, విటమిన్లు. పాతబడ్డ ట్రిప్టోఫేన్‌లో ఏదో తయారవుతోంది. అదే వీళ్ళకి కావాల్సింది. నువ్వు పాత సరుకు ఇవ్వబట్టే తెలిసిందయ్యా," అన్నారు.

పొగడ్త వస్తుంటే వద్దనడం మాకు అలవాటు లేదు. తీసుకున్నాను.

మద్రాసుకి రాశారు. ప్రొఫెసరు రమ్మన్నాడు, ఎండలు తగ్గేలోపు వచ్చి చేరమన్నాడు. మాస్టారు స్కూలుకి రాజీనామా ఇచ్చారు. మిగిలిన పనల్లా ఆ భోజనాన్ని మళ్ళీ చేసి చూపించడమే. దానికి ట్రిప్టోఫేన్‌ని పాతబెట్టాలి కదా. గాజు పలకల మీద పరిచి ఇంటి డాబా మీద ఎండబెట్టేవారు. ఒక పక్క ఇంటావిడ వడియాలు, ఇంకో పక్క మాస్టారి ట్రిప్టోఫేన్. "మీవి ఇంకా ఎండలేదాండీ?" అని ఆవిడ అడిగేదట. ఒకటి వారం ఎండబెట్టినది, ఒకటి నెల ఎండబెట్టినది, ఒకటి తడిపి ఎండబెట్టినది. ఒకటి రంగు తిరిగింది, ఒకటి తిరగలేదు. పురుగులు మాత్రం దేనిమీదా రెండో తరం దాటలేదు.

బడికి సెలవులిచ్చే రోజుల్లో వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. నా వైపు రాకుండా తిన్నగా పచారీ వైపు వెళ్ళి, "శెట్టిగారూ, ఆ రోజు మీరే తూచారు. మీ చెయ్యి మంచిది. ఈసారీ మీరే తూచి పెట్టండి," అన్నారు. సైన్సు చదివిన మనిషి చెయ్యి మంచిదంటుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

మా నాన్న పొంగిపోయి చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. మాస్టారు ముల్లు వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక్కొక్కటే తూచి పొట్లాలు కట్టాడు. ఆఖరిది ట్రిప్టోఫేన్. కాగితం సగం మడిచి ఆగి, తల ఎత్తి అడిగాడు.

"ఆసారి వేసినట్టే వెయ్యమంటారా మాస్టారూ?"

"ఏమిటి వేసినట్టు?"

"కొసరు. మీరు వద్దంటారని, అటు తిరిగి మంచినీళ్ళు తాగుతుంటే పొట్లంలో వేశానులెండి. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని వట్టి తూకంతో ఎట్టా పంపను?"

మాస్టారు ముల్లు మీదనుంచి చూపు తిప్పారు. తరవాత చాలా నెమ్మదిగా, "ఏం వేశారు శెట్టిగారూ?" అన్నారు.

మా నాన్న లేచి, నా అలమరలో కింది అరలోంచి ఒక డబ్బా తీశాడు. ఏదో కంపెనీవాడు చూడమని ఉచితంగా ఇచ్చిపోయిన డబ్బా. మీద ఇంగ్లీషు. ఆయనకి ఇంగ్లీషు రాదు. కంపెనీవాడు నాతో బలం, రక్తం అని చెప్పడం బల్ల అవతల నుంచి విన్నాడు, అంతే. మాస్టారు డబ్బా అందుకుని, అద్దాలు తుడుచుకోకుండానే చదివారు. ఎండబెట్టి పొడిచేసిన కాలేయం.

అది ఏమిటో నేను చెప్పాక మా నాన్న చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తరవాత రెండు రోజులు ఆ చేత్తో అన్నం తినలేదు. అది వేరే కథ.

"ఎంత వేశారు?" అన్నారు మాస్టారు.

"కొసరుకి కొలతేంటండీ? రెండు వేళ్ళ మధ్య ఎంత వస్తే అంత."

"రెండు వేళ్ళా, మూడు వేళ్ళా?"

మా నాన్న తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాడు. "తెలీదు మాస్టారూ," అన్నాడు.

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. బల్ల మీద కూర్చుని, కార్డు ఉందా అని అడిగారు. ప్రొఫెసరుకి రాయడానికి. నేను పక్కన కూర్చుని, పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ ఆడనంత బేరం ఆడాను.

"ఇప్పుడే ఎందుకండీ? ముందు వెళ్ళి చేరండి. ఆనక మెల్లిగా చెప్పొచ్చు."

"అప్పుడేమని చెప్పను? శెట్టిగారి కొసరు తిని బతికాయనా?"

"ఒక నెల ఆగండి. నెలలో ఏదన్నా దారి దొరకొచ్చు."

"ఇన్నేళ్ళు దొరకనిది?"

"పోనీ, పాతబడ్డ సరుకే అనుకోండి. మేము ఎవరికీ చెప్పం. మీ కళ్ళముందు బతికాయా లేదా?"

"అబ్బాయ్," అన్నారు, అంతవరకు నన్ను అలా పిలవలేదు, "నేను చూపిస్తానన్నది బతికిందని కాదు. దేనిమీద బతికిందో చూపిస్తానన్నాను."

బేరంలో ఎదటివాడికి ఏదో ఒకటి కావాలి. ఏమీ అక్కర్లేని మనిషిని దేనితో కదిలిస్తాం? కార్డు రాశారు. మూడో నాలుగో వాక్యాలు. వేయమని నాకే ఇచ్చారు. నేను పోస్టు డబ్బా దాకా వెళ్ళి, అక్కడ కూడా కాసేపు ఆగాను, వెనకాల నుంచి పిలుస్తారేమోనని. పిలవలేదు. వేశాను.

మా నాన్నకి మాత్రం చివరిదాకా అర్థం కాలేదు. "బతికాయి కదరా. నా చేతి కొసరుతోనే బతికాయి. మరి ఆయనకి ఏడుపెందుకు?" అని అడిగేవాడు.

మద్రాసు నుంచి మళ్ళీ మాట రాలేదు. స్కూల్లో ఆయన చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. కంచికచర్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలకి, వీరులపాడులో ఒకరికి ప్రైవేట్లు చెప్పుకుంటూ గడిపారు. పది సరుకులు తెప్పించడం మానేశారు. ఒకసారి నేనే నందిగామ వెళ్ళాను, నా బీరువాలో మిగిలిన సీసాలు ఏం చెయ్యమంటారో కనుక్కోవడానికి. ఆయన దీపం వెలిగించుకుని, బయటి సూక్ష్మజీవి పడకుండా గొట్టం మూతి మంటకి చూపి, దూదిని చిటికెన వేలితో పట్టుకుని, సన్నటి గాజుపుల్లతో పురుగుల్ని పాత గొట్టంలోంచి కొత్త కాలేయం రసంలోకి మారుస్తున్నారు. మార్చినంతసేపూ ఊపిరి పీల్చలేదు.

"ఇంకా ఎందుకండీ ఇవి?"

"మారుస్తూ ఉండకపోతే చస్తాయి."

"చస్తే?"

గొట్టాన్ని ఇసకలో నిలబెట్టి, "చస్తే చస్తాయి. మార్చడానికి ఇప్పుడు నాకు తీరికే కదా," అన్నారు. నాకు టీ తెప్పించారు. సీసాలు నా దగ్గరే ఉంచుకోమన్నారు.

తరవాత రెండో మూడో ఎండాకాలం. వీరులపాడు నుంచి మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చి పడిపోయారు, మర్నాటికి లేరు. బస్సు కండక్టరు చేత ఇంటావిడ కబురు చేసింది. వెళ్ళేసరికి దూరపు బంధువులెవరో వచ్చి దహనం అయిపోయింది. మంచం, ట్రంకుపెట్టె వాళ్ళు తీసుకెళ్ళారు. "ఆ పురుగుల గొట్టాలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదయ్యా. నేనూ ముట్టుకోను," అంది ఇంటావిడ. ఇసక ఎండిపోయి ఉంది. బకెట్లోంచి నీళ్ళు పోసి, డబ్బాని ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను.

నా షాపులో పది సీసాలూ ఉన్నాయి. కాలేయం పొడి డబ్బాలు అలమరలో ఎన్నో ఉన్నాయి. దీపం ఉంది, దూది ఉంది. ఆయన చేసినట్టే మూతి మంటకి చూపి, ఊపిరి బిగబట్టి ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి మార్చాను. మర్నాటికి కొత్త గొట్టంలో నీళ్ళు గంజిలాగా మబ్బుపట్టాయి, వాసన వేశాయి. ఇంకోటి మార్చాను. అదీ అంతే. ఇక ముట్టుకోలేదు. ఊళ్ళో కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారుని పిలిచి చూపించాను. మర్యాదస్తుడు. భూతద్దంలో చూసి, "ఇవి ఏ పెంటకుప్పలో తవ్వినా దొరుకుతాయండీ. కావాలంటే మా పిల్లల చేత దోసెడు తెప్పిస్తాను," అన్నాడు.

"వద్దండీ," అన్నాను. అవి వేరు, ఇవి వేరు అని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పగలిగిన మనిషి లేడు.

ఆఖరి గొట్టం మిగిలింది. సాయంత్రం మా నాన్న కర్ర పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. అప్పటికి చూపు తగ్గింది.

"కదులుతున్నాయా?"

"ఒకటి కదులుతోంది నాన్నా."

"ఏదన్నా వెయ్యరా దానికి."

"ఏం వెయ్యాలో తెలుసు. ఎట్టా వెయ్యాలో తెలీదు."

ఆయన కర్రతో తడుముకుంటూ తన వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు కొట్టు తెరవగానే భూతద్దం పెట్టాను. ఎవరో వచ్చి జ్వరం మాత్రలు అడిగారు. ఆగమన్నాను. గొట్టాన్ని వెలుగుకి తిప్పాను. గోటితో మెల్లిగా తట్టి, మళ్ళీ తిప్పాను. ఏదీ కదలడం లేదు, అడుగున తెల్లగా, సన్నగా పేరుకుని ఉన్నాయి. "పోనీలే, మళ్ళీ వస్తా," అని ఆ మనిషి మెట్లు దిగి, ఎదుటి షాపుకి వెళ్ళిపోయాడు.